చెత్త బండికా, కబాడీకా, ఇంట్లో కుండలోకా? మన ఒడిశా సరిహద్దు ఊళ్లలో ఎవరికి ఏది కుదురుతుంది

పొద్దున అన్నం వార్చే టైమ్‌కే కింద నుంచి "అళియా... అళియా" అని చెత్త బండివాళ్లు కేక వేస్తారు, ఒడియాలో అళియా అంటే చెత్త. బరంపురంలో మేం ఉండేది మూడో అంతస్తులో, లిఫ్ట్ లేదు, బండి బ్యాటరీది కాబట్టి చప్పుడూ ఉండదు, ఆ కేక చెవిన పడలేదంటే ఆ రోజు బకెట్ ఇంట్లోనే. వైశాఖ మాసంలో చేపల పొలుసూ పేగులూ ఒక్క రోజు వంటింట్లో ఉండిపోతే ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకి నేనిదంతా ఎందుకు రాస్తున్నానో విడిగా చెప్పక్కర్లేదు.

మా చుట్టాల్లో ఈ మధ్య ఇదే చర్చ. రాయగడలో అన్నయ్యావాళ్లది అపార్ట్‌మెంట్, పర్లాకిమిడిలో అమ్మావాళ్లది పెరడున్న పాత ఇల్లు, మాది ఇక్కడ అద్దె వాటా. ఒకరి సలహా ఇంకొకరికి పనికిరాదు. "పెరట్లో గొయ్యి తీసి కప్పెట్టేయవే" అంటుంది అమ్మ, మూడో అంతస్తులో గొయ్యి ఎక్కడ తియ్యను? వదిన ఏమో "నెలనెలా డబ్బు కడుతున్నాం, వాళ్లే చూసుకుంటారు" అంటుంది, వాళ్లు ఎలా చూసుకున్నారో కింద చెప్తాను.

ఇన్నేళ్లలో నాకు తెలిసొచ్చింది ఏమిటంటే, మున్సిపాలిటీ బండి మంచిదా, ప్రైవేటు మంచిదా, ఇంట్లో ఎరువు చేసుకోవడం మంచిదా అని మొదలుపెడితే ఎప్పటికీ తేలదు. మీ ఇంటి తడి చెత్త రోజూ ఎక్కడికి వెళ్తుందో ముందు అది తేల్చుకోండి. పొడి చెత్త నెల రోజులైనా బాల్కనీలో సంచిలో పడి ఉంటుంది, ఎవర్నీ ఏమీ అనదు. తడిది ఒక్క పూట ఆగదు. నలుగురున్న ఇంట్లో రోజుకి కిలో, కిలోన్నర చెత్త వస్తే అందులో సగం పైనే కూరగాయల తొక్కలూ, మిగిలిన అన్నమూ, టీ పొడీ. ఆ సగానికి దారి దొరికితే మిగతా సగం కంపు కొట్టదు, కుక్కలు చింపవు, పాత సామాన్లు కొనే కబాడీవాడు కూడా మొహం చిట్లించకుండా తీసుకుంటాడు. అదే రెండూ కలిపేశారా, పేపర్లు నాని పోతాయి, ప్లాస్టిక్‌కి పప్పు అంటుకుంటుంది, దేనికీ విలువ ఉండదు.

రూల్ సంగతి ఒకసారి చెప్పేసి ముందుకెళ్దాం. 2016 ఘన వ్యర్థాల నిబంధనల ప్రకారం ఇంట్లోనే మూడుగా విడదీయాల్సి ఉండేది: తడి, పొడి, ప్రమాదకరమైనవి. 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి తెచ్చిన కొత్త నిబంధనల్లో నాలుగు చేశారు: తడి, పొడి, శానిటరీ, ప్రత్యేక జాగ్రత్త అవసరమైనవి. అంటే డైపర్లూ ప్యాడ్లూ ఒక పక్క, బల్బులూ బ్యాటరీలూ పాత మందులూ ఇంకో పక్క. "నాలుగు బకెట్లు పెట్టడానికి మా వంటిల్లు మైదానమా" అని మా అత్తయ్య అంది. అక్కర్లేదు. రోజూ వాడే బకెట్ ఒక్కటే, తడిది. పొడికి ఒక గోనె సంచి, తక్కువగా వచ్చే మిగతా రెండింటికీ మేకుకి రెండు కవర్లు వేలాడదీస్తే చాలు.

ఇప్పుడు మున్సిపాలిటీ బండి. ఒడిశాలో ఈ విషయంలో ఒక మంచి పని జరిగింది, పక్క రాష్ట్రం నుంచి వచ్చిన చుట్టాలకి నేను కాస్త గొప్పగానే చెప్పుకుంటాను. ఊరి చెత్తంతా తీసుకెళ్లి ఊరవతల ఒకే గుట్టగా పోసే బదులు, ఊళ్లోనే అక్కడక్కడ చిన్న చిన్న కంపోస్టు కేంద్రాలు పెట్టారు, వాటిని ఎంసీసీ అంటారు. పొడి చెత్తని వేరు చేసే షెడ్డు ఎంఆర్ఎఫ్. మిషన్ శక్తి మహిళా సంఘాల వాళ్లు వీటిలో పనిచేస్తారు, ఇంటింటికీ తిరిగి విడదీయమని చెప్పే వాళ్లని స్వచ్ఛ సాథీ అంటారు. బండి తెచ్చిన తడి చెత్తని అక్కడ మళ్లీ ఏరి, ముక్కలు చేసి, గాలి ఆడే ఇటుక తొట్లలో పొరలుగా వేసి ఎరువు చేస్తారు. ఆ ఎరువు పేరు "మో ఖత", అంటే ఒడియాలో నా ఎరువు అని. మీ ఊళ్లో ఎంసీసీ ఉంటే ఒకసారి వెళ్లి చూడండి. నేను వెళ్లాను. ఒకావిడ గుట్టలో నుంచి బ్లేడు ఏరి పక్కన పెట్టింది, గ్లవ్స్ చిరిగి ఉన్నాయి, ఆ బ్లేడు ఎవరింటిదో తెలీదు, మా ఇంటిది కూడా అయ్యుండొచ్చు. ఆ రోజు నుంచి బ్లేడ్లూ గాజు ముక్కలూ అట్ట ముక్కలో చుట్టి టేపు వేసి విడిగా ఇస్తున్నాను.

బండి ఎవరికి కుదురుతుందంటే, పొద్దున ఆ టైమ్‌లో ఇంట్లో ఎవరో ఒకరు ఉండేవాళ్లకి, పెరడు లేనివాళ్లకి, చేపలూ మాంసమూ వారానికి రెండు మూడుసార్లు వండుకునేవాళ్లకి. చేపల పొలుసు, ఎముకలు, మిగిలిపోయిన పులుసు ఇవన్నీ ఇంటి కుండలో వేస్తే గొడవ, బండికి ఇస్తే గొడవ లేదు. బండి తీసుకోనివి కూడా ఉన్నాయి: కొబ్బరి మట్టలు, చెట్టు కొమ్మలు, గోడ పగలగొట్టిన పెళ్లలు. నిబంధనల్లోనే తోట చెత్త, కట్టడాల చెత్త విడిగా పెట్టమని ఉంది, కాబట్టి బండి అమ్మాయితో పోట్లాడి లాభం లేదు, వార్డు ఆఫీసులో అడిగి ట్రాక్టరు పిలిపించుకోవాలి. ఛార్జీ ఎంతో, నెలకా ఏడాదికా అన్నదీ అక్కడే కనుక్కోండి, రసీదు అడగడం మర్చిపోకండి. ఇచ్ఛాపురంలో ఉన్న మా పిన్ని దగ్గర ఈ ఊసెత్తితే చాలు, 2021లో ఆంధ్రలో పెట్టిన చెత్త పన్ను గురించి అరగంట మాట్లాడుతుంది. 2024లో ప్రభుత్వం మారాక అది ఎత్తేశారు. ఇక్కడికి గట్టిగా పాతిక కిలోమీటర్ల దూరం, కానీ చెత్త లెక్క రెండు చోట్లా వేరు, అందుకే అక్కడి చుట్టాల మాట విని ఇక్కడ నిర్ణయం తీసుకోకండి.

బండితో అసలు ఇబ్బంది టైమ్. మేం ఏం చేశామంటే, మూడో అంతస్తు నుంచి తాడు కట్టిన బకెట్ దించుతాం. నవ్వకండి, పాతకాలంలో పాలవాడికి గిన్నె దించినట్టే. ఇద్దరూ ఉద్యోగాలకి వెళ్లే ఇల్లయితే కింది వాటావాళ్లతో మాట్లాడుకుని మెట్ల కింద మూతున్న డబ్బా పెట్టుకోండి, మూత మాత్రం గట్టిగా ఉండాలి, లేకపోతే పిల్లి రాత్రంతా అక్కడే.

సరే, ఇంట్లో ఎరువు చేయడం. ఇక్కడే రకరకాల డబ్బాలు, రకరకాల మాటలు, డబ్బు తగలేసేదీ ఇక్కడే. నేనూ తగలేశాను. మూడేళ్ల కింద ఆన్‌లైన్‌లో ఒక ప్లాస్టిక్ డ్రమ్ము తెప్పించాను, కంపెనీ పేరెందుకులే, కింద కుళాయి, పైన బిగుతు మూత, ఫోటోలో నవ్వుతున్న ఒకావిడ. పది రోజులకే కుళాయి అన్నం మెతుకులతో మూసుకుపోయింది, నెల తిరిగేసరికి లోపల గంజి తయారైంది, ఇంటి ఓనరుగారు మెట్లెక్కి వచ్చి "అమ్మా, ఎలుక చచ్చిందా ఎక్కడైనా" అని అడిగారు. తప్పు సగం డ్రమ్ముది, సగం నాది. గాలి ఆడకపోతే తడి చెత్త ఎరువు అవదు, కుళ్లుతుంది. దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు వేరు, ఎరువు చేసేవి వేరు, రెండో రకానికి గాలి కావాలి, తడి కావాలి కానీ నీళ్లు కారేంత కాదు, పచ్చి తొక్కలతో పాటు ఎండు ఆకూ కావాలి. కార్బన్, నత్రజని ముప్ఫైకి ఒకటి దగ్గర్లో ఉండాలని పుస్తకాల్లో రాస్తారు, వంటింట్లో ఆ లెక్క కుదరదు గానీ ఒక గుప్పెడు తొక్కలకి ఒక గుప్పెడు ఎండాకో, కొబ్బరి పొట్టో వేస్తే ఆ లెక్క దగ్గరకి వచ్చేస్తుంది. వాసన వస్తే ఎండాకు తక్కువైందని, ఏమీ జరగకుండా అలాగే ఉంటే మరీ ఎండిపోయిందని అర్థం.

ఓనరుగారి మాట కోసం ఆ డ్రమ్ముని పాత సామాన్లవాడికి ఇచ్చేసి కుమ్మరి దగ్గర మూడు మట్టి కుండలు కొన్నాను, పక్కల చిల్లులు పెట్టించాను. ఒకటి నిండేదాకా వేస్తాం, నిండాక మూసి పక్కన పెట్టి రెండోది మొదలుపెడతాం, మూడోది నిండే టైమ్‌కి మొదటిది నల్లగా పొడిపొడిగా, తొలకరి వాన పడ్డ మట్టి వాసనతో తయారు. రెండు నెలలు, వానాకాలంలో ఇంకో పది పదిహేను రోజులు. తెల్లగా లావుపాటి పురుగులు కనపడితే జడుసుకోకండి, అవి ఈగ పిల్లలే, చెత్త తింటాయి, మనల్ని ఏమీ చెయ్యవు, పైన ఎండాకు దట్టంగా వేస్తే తగ్గిపోతాయి. కుండలోకి వెయ్యకూడనివి: పచ్చడి ఊట, నూనె, ఉప్పు చేప, ఎముకలు, పాలు విరిగినవి. బరంపురంలో పచ్చళ్లూ అప్పడాలూ లేని ఇల్లు ఉండదు కదా, పచ్చడి జాడీ కడిగిన నీళ్లు కుండలో పోసి పాడుచేసుకున్నవాళ్లని నేను ముగ్గుర్ని చూశాను. ముంజెకాయ తొక్కలు, కొబ్బరి చిప్పలు, చింతపిక్కలు వేస్తే ఏడాదైనా అలాగే ఉంటాయి, అవి బండికే.

వానపాముల ఎరువు గురించి చాలామంది అడుగుతారు. ఎరువు నాణ్యత బాగుంటుంది, నిజమే. కానీ అవి ప్రాణులు. నిమ్మ తొక్కలు, కారం, ఉప్పు పడవు, చీమలు పడితే పోతాయి, 35 డిగ్రీలు దాటిన ఎండకి నీడలో లేకపోతే ఒక మధ్యాహ్నంలో మొత్తం పోతాయి. రాయగడ ఎండల్లో రేకుల షెడ్డు కింద పెట్టి అన్నయ్య ఒకసారి అన్నీ పోగొట్టుకున్నాడు, వారం రోజులు మాట్లాడలేదు. పశువుల పేడ దొరికి, చెట్టు నీడ ఉండి, రోజూ చూసుకునే ఓపిక ఉన్న పెద్దవాళ్లు ఇంట్లో ఉంటేనే పెట్టుకోండి. బొకాషి అని తవుడు కలిపే జపాన్ పద్ధతి ఒకటుంది, అది గాలి ఆడని డబ్బాలోనే చేస్తారు, వాసన తక్కువ, కానీ చివరికి ఆ ఊరేసిన దాన్ని మట్టిలో కప్పెట్టాలి. మట్టి లేని ఫ్లాటువాళ్లకి దానివల్ల ఏం లాభమో నాకు అర్థం కాలేదు.

పెరడు ఉంటే ఇవేవీ కొనకండి. అమ్మ చెప్పిన గొయ్యే మంచిది. మూడడుగుల గొయ్యి రెండు, ఒకటి నిండితే రెండోది, ప్రతి రోజూ వేసిన దాని మీద ఒక పార మట్టి. బావికి మాత్రం దూరంగా తియ్యాలి. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు గజపతి జిల్లాలో చెట్లు కూలని వీధి లేదు, మా పనస చెట్టు, రెండు కొబ్బరి చెట్లు పోయాయి, కొమ్మలు కోసి రోడ్డు తెరిచేసరికే రోజులు పట్టింది, ఆకుచెత్త తీసుకెళ్లే నాథుడు ఎక్కడ? ఆ ఆకంతా నాన్న ఆ గొయ్యిలోకే తోశారు, మరుసటి ఏడు వంగ మొక్కలు నడుం ఎత్తు పెరిగాయి. పొలమూ పశువులూ ఉన్నవాళ్లయితే నాడెప్ తొట్టి చూడండి: మహారాష్ట్రలో యవత్మాల్ ప్రాంతపు రైతు నారాయణ్ దేవ్‌తావ్ పాండరీపాండే కనిపెట్టింది, ఆయన పేరులోంచే ఆ పేరు వచ్చింది. పది అడుగుల పొడవు, ఆరు అడుగుల వెడల్పు, మూడు అడుగుల ఎత్తున ఇటుక గోడ, మధ్యమధ్యలో గాలికి కంతలు, లోపల చెత్త, కాస్త పేడ నీళ్లు, మట్టి పొరలుగా వేసి పైన అలికేస్తారు. మూడు నాలుగు నెలలకి తయారు. పేడ తక్కువున్నా ఎక్కువ ఎరువు వస్తుంది, దాని గొప్ప అదే. ఒక ఇంటి వంటింటి చెత్తకి ఇది మరీ పెద్దది, నాలుగిళ్లు కలిస్తేనే నిండుతుంది.

ఆవుకి పెట్టడం అనే పాత దారి ఉండనే ఉంది. పక్కింట్లో ఆవు ఉంటే తొక్కలు ఇవ్వండి, హాయి. రోడ్డు మీద తిరిగే ఆవుకి పాలిథిన్ కవరులో కట్టి పెట్టకండి, అది కవరుతో సహా మింగుతుంది.

టిఫిన్ సెంటరో మెస్సో నడిపేవాళ్లకి బయోగ్యాస్ ఆలోచించదగ్గది. ఒక ఘనపు మీటరు గ్యాస్ అంటే దాదాపు అరకిలోకి కాస్త తక్కువ ఎల్‌పీజీతో సమానం, రోజూ మిగిలిన పిండీ, సాంబారు అడుగూ, కూరగాయల తొక్కలూ దండిగా ఉంటేనే అంత వస్తుంది. మొదట్లో పేడ కలిపి మొదలుపెట్టాలి, తర్వాత రోజూ ఒకే లెక్కలో వెయ్యాలి, ఒక రోజు పెళ్లి ఆర్డరు మిగిలిందని మొత్తం కుమ్మరిస్తే పులిసిపోయి గ్యాస్ ఆగిపోతుంది. ఇద్దరు ముగ్గురున్న ఇంటికి ఇది దండగ.

కబాడీ సంగతికి వద్దాం. కబాడీవాడు చెత్త తీసుకెళ్లేవాడు కాదు, సరుకు కొనేవాడు. ఈ తేడా గుర్తుంటే కోపం రాదు. పేపర్లు, అట్టపెట్టెలు, ఇనుము, అల్యూమినియం, నీళ్ల సీసాలు కొంటాడు. చిప్స్ ప్యాకెట్లు, థర్మాకోల్, పగిలిన గాజు ముట్టుకోడు. చిప్స్ ప్యాకెట్ అనేది రెండు మూడు పొరల ప్లాస్టిక్‌కి లోహపు పూత అతికించింది, విడదీయడం కుదరదు కాబట్టి దాన్ని కరిగించి మళ్లీ వాడలేరు. పాల కవరు ఒకే రకం ప్లాస్టిక్, అందుకే కత్తిరించి ఆ ముక్క ఊడిపోకుండా అంచు కొద్దిగా వదిలి, కడిగి, ఆరబెట్టి పోగేస్తే తీసుకునేవాళ్లున్నారు, ఓంఫెడ్ పాల కవర్లు నెలకి ఎన్ని వస్తాయో లెక్కేసుకోండి. కబాడీ కొనని పొడి చెత్తంతా బండికి ఇవ్వాలి. ఎంఆర్ఎఫ్‌లో ఏరాక దేనికీ పనికిరానిదాన్ని సిమెంటు ఫ్యాక్టరీల బట్టీల్లో ఇంధనంగా వాడే పద్ధతి ఉంది, అక్కడ వేడి 1,400 డిగ్రీల దాకా ఉంటుంది. వీధి చివర మంటతో దాన్ని పోల్చకండి, మనం కాల్చే ప్లాస్టిక్ అంత వేడికి రాదు, డయాక్సిన్లనే విషాలు మన ముక్కులోకే వస్తాయి. చలికాలం పొద్దున ఆకులూ కవర్లూ కలిపి చలి కాచుకునే మా వీధి తాతగారితో ఈ మాట ఇప్పటికి నాలుగుసార్లు చెప్పాను, ఐదోసారి టీ ఇచ్చి కూర్చోబెట్టారు, మంట మాత్రం ఆరలేదు.

ఒక్క మాట, పాత ఫోన్లు, ఇన్వర్టర్ బ్యాటరీ, సీఎఫ్‌ఎల్ బల్బులు నాలుగు రూపాయలొస్తాయని కబాడీకి వెయ్యకండి. బల్బులో పాదరసం ఉంటుంది, ఫోన్ బ్యాటరీ నలిగితే అంటుకుంటుంది. ఇన్వర్టర్ బ్యాటరీ కొత్తది కొన్న షాపులోనే పాతది తీసుకుని ధర తగ్గిస్తారు, అదే అన్నిటికంటే లాభం. డైపర్లూ ప్యాడ్లూ పేపర్లో చుట్టి, పైన ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టి విడిగా ఇవ్వండి, ఏరేవాళ్లు చేత్తో విప్పి చూసే అవస్థ తప్పుతుంది.

ఇక అన్నయ్య అపార్ట్‌మెంట్. వాళ్ల కమిటీ ఒక ప్రైవేటు కాంట్రాక్టర్‌ని పెట్టుకుంది, మున్సిపాలిటీ బండి టైమ్‌కి రాదని. రోజూ ఏడింటికి ట్రాక్టరు ఠంచనుగా వచ్చేది. ఇంట్లో నాలుగు కవర్లుగా వేరు చేసి కిందకి దించితే అన్నీ ఒకే ట్రాలీలో. అన్నయ్యకి అనుమానం వచ్చి ఒక రోజు బైకు మీద వెనకాలే వెళ్లాడు: ఊరు దాటాక రోడ్డు పక్క పల్లంలో ట్రాలీ ఎత్తేసి, దులుపుకుని వచ్చేశారు. కట్టిన డబ్బంతా చెత్తని కళ్లెదుట లేకుండా చేయడానికే అయింది. అందుకని ప్రైవేటు వాళ్లతో మాట్లాడేటప్పుడు నెలకెంత అని ముందు అడక్కండి. ఎక్కడ దించుతారు, ఆ చోటు చూపిస్తారా, ట్రాలీలో తడికి పొడికి వేరే అరలున్నాయా, పండగ రోజుల్లో ఎవరొస్తారు, పనివాళ్లకి గ్లవ్సూ బూట్లూ ఎవరిస్తారు, ఇవి అడగండి. "చూపిస్తాం రండి" అనని వాడితో ఒప్పందం రాసుకోవద్దు. రోజుకి 100 కిలోలు దాటి చెత్త వచ్చే పెద్ద అపార్ట్‌మెంట్లు, కల్యాణ మండపాలు, హోటళ్లు తమ తడి చెత్త సంగతి తామే చూసుకోవాలన్నది నిబంధన, కాబట్టి ట్రాక్టరు ఎక్కించేశాం అంటే చేతులు దులుపుకున్నట్టు కాదు. మా అన్నయ్యవాళ్లు ఇప్పుడు పార్కింగు వెనక ఇటుకలతో మూడు తొట్లు కట్టుకుని తోటమాలికి కొంత పైన ఇస్తున్నారు, పొడిదీ చేపల పొట్టూ మున్సిపాలిటీ బండికి. వదిన మొదట్లో ముక్కు మూసుకుంది, ఇప్పుడు ఆ ఎరువు కోసం ఫ్లాట్లవాళ్ల మధ్య వంతుల పేచీ.

పెళ్లిళ్ల విషయంలో ఒక చిన్న ముక్క. 2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ ప్లేట్లూ గ్లాసులూ నిషేధం. మన కొరాపుట్, రాయగడ వైపు అడ్డాకు విస్తళ్లు సంతలో కట్టలు కట్టలు దొరుకుతాయి, ఒడియాలో ఖలి అంటారు. అవి తడి చెత్తలోనే నేరుగా పోతాయి. ప్లాస్టిక్ పూత వేసిన పేపర్ ప్లేటు చూడ్డానికి పేపరే, ఎరువులో మాత్రం ఆ పూత పీలికలుగా మిగిలిపోతుంది, కేటరింగు వాళ్లకి ముందే గట్టిగా చెప్పండి.

మా ఇంట్లో ఇప్పుడు నడుస్తున్నది ఇలా: తొక్కలూ టీ పొడీ కుండలోకి, చేపలూ ఎముకలూ మిగిలిన కూరా తాడు బకెట్‌లో బండికి, పేపర్లూ సీసాలూ నెలకోసారి కబాడీకి, మిగతా పొడి చెత్త వారానికి రెండుసార్లు బండికి. ఒక్కదాన్నే పట్టుకుని కూర్చోలేదు కాబట్టే మూడేళ్లుగా ఆగకుండా నడుస్తోంది. ఊరెళ్తే కుండ మీద రెండు దోసిళ్లు ఎండాకు కప్పి వెళ్లిపోతాం, పది రోజులు ఏమీ కాదు.

కుండలు మొదలుపెట్టేవాళ్లు మాఘ ఫాల్గుణాల్లో, ఆకు రాలేటప్పుడే రెండు మూడు గోనె సంచుల ఎండాకు నింపి తడవని చోట పెట్టుకోండి. శ్రావణంలో వాన పట్టుకున్నాక ఊరంతా తిరిగినా పొడి ఆకు దొరకదు, అప్పుడు చించిన న్యూస్‌పేపరే గతి, అది కబాడీకి వెళ్లాల్సిన డబ్బు.